మొదటి పోటీ పిస్టల్ కొనేముందు: పది మీటర్ల ఎయిర్ పిస్టల్ ఎంపిక

రేంజ్‌లో చేరి నాలుగైదు నెలలు గడిచేసరికి కొత్తవారు అడిగే ప్రశ్న ఒకటే: ఏ కంపెనీ పిస్టల్ కొనాలి? నేను దానికి వెంటనే జవాబు చెప్పను, చేయి చాచమంటాను. అరచేయి ఎంత వెడల్పుందో, చూపుడువేలు ఎంత పొడవుందో, బొటనవేలి మొదట్లో కండ ఎంత ఉందో చూశాకే మాట మొదలుపెడతాను. పోటీల కోసం తయారయ్యే ఎయిర్ పిస్టళ్లలో బ్యారెల్ విషయంలో ఈ రోజు ఏదీ దేనికీ తీసిపోదు. ఏ పేరున్న పిస్టల్‌నైనా బల్లకు బిగించి పది మీటర్ల దూరం నుంచి కాలిస్తే పెల్లెట్లన్నీ (అది కాల్చే చిన్న గుళ్లు) దాదాపు ఒకే రంధ్రంలోంచి దూరిపోతాయి. దానిని బల్ల మీద నుంచి తీసి మనిషి చేతిలో పెట్టినప్పుడే తేడాలన్నీ మొదలవుతాయి. అందుకే ఎంపిక చేతి దగ్గర మొదలై, ఆ తరువాత ట్రిగ్గర్‌కు, చివరికి కంపెనీ పేరుకు చేరాలి. చాలామంది దీనిని తలకిందులుగా చేసి, రెండో ఏడాదిలో ఆ పిస్టల్‌ను సగం ధరకు అమ్ముకుంటున్నారు.

ఇక్కడ నేను చెప్పేదంతా పది మీటర్ల ఎయిర్ పిస్టల్ గురించే. మన దేశంలో పిస్టల్ షూటింగ్ నేర్చుకునేవారిలో ఎక్కువమంది మొదలుపెట్టేది దీనితోనే కాబట్టి మిగతావాటి ప్రస్తావన చివర్లో కొద్దిగా చేస్తాను.

ముందు నిబంధనలు తెలుసుకోండి

దుకాణంలో కనిపించే ఎయిర్ పిస్టళ్లన్నీ పోటీకి పనికొస్తాయనుకోకండి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం పిస్టల్ 4.5 మిల్లీమీటర్ల క్యాలిబర్‌లో (బ్యారెల్ లోపలి వ్యాసం) ఉండాలి, బరువు 1,500 గ్రాములు మించకూడదు, ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును మోయాలి, పిస్టల్ మొత్తం 420 మిల్లీమీటర్ల పొడవు, 200 మిల్లీమీటర్ల ఎత్తు, 50 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పెట్టెలో ఇమడాలి. పోటీకి ముందు పరికరాల తనిఖీలో నిజంగానే అలాంటి పెట్టె ఒకటి బల్ల మీద ఉంటుంది. అందులో పిస్టల్ పెట్టి చూస్తారు. టెలిస్కోపులు, లేజర్లు, కటకాలు ఉన్న సైట్లు (గురి చూసుకునే అమరికలు) పనికిరావు. నిలబడి, ఒంటి చేత్తో, మణికట్టుకు ఏ ఆసరా లేకుండా కాల్చాలి.

గురి సంగతి కూడా ఒకసారి చూద్దాం. లక్ష్యం మీద నల్లని వలయం వ్యాసం 59.5 మిల్లీమీటర్లయితే, పది పాయింట్ల వృత్తం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు మాత్రమే, అంటే చొక్కా గుండీ అంత. ఎలక్ట్రానిక్ లక్ష్యాల మీద అర్హత పోటీలో 60 షాట్లకు 75 నిమిషాలు ఇస్తారు. సన్నాహానికీ సైటింగ్ షాట్లకూ (లెక్కలోకి రాని, గురి సరిచూసుకునే షాట్లు) ఇచ్చే పావుగంట కూడా కలుపుకుంటే గంటన్నర సేపు మీరు పిస్టల్ ఎత్తుతూ దించుతూ ఉంటారు. ఆ ఎత్తడం షాటుకొకసారి కాదు, గురి కుదరక దించినవి కూడా లెక్కేస్తే ఒక పోటీలో నూరుసార్లు దాటుతుంది. దుకాణంలో రెండు నిమిషాలు పట్టుకుని "బాగుంది" అనుకోవడానికీ, తొంభయ్యో నిమిషంలో కూడా అది బాగుండటానికీ మధ్య ఉన్న దూరాన్ని కొనేవారు గుర్తుపెట్టుకోవాలి.

కొనకుండా ఆగండి, కళ్లను పరీక్షించుకోండి

కనీసం మూడు నాలుగు నెలలు క్లబ్బు పిస్టళ్లతోనే కాల్చండి. వీలైనన్ని రకాలు మార్చి మార్చి పట్టుకోండి. తోటి షూటర్లు సాధారణంగా తమ పిస్టల్‌ను పది షాట్లకు ఇవ్వడానికి అభ్యంతరపెట్టరు. మర్యాదగా అడగండి, సొంత పెల్లెట్లు వాడండి, వారి గ్రిప్ (చేతిపిడి) మరలు మాత్రం ముట్టుకోకండి.

ఈలోగా మీ ప్రధాన నేత్రం ఏదో తెలుసుకోండి. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు వదిలి, ఆ సందులోంచి దూరాన ఉన్న గోడగడియారాన్ని రెండు కళ్లతోనూ చూడండి. ఇప్పుడు ఒక్కొక్క కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే నిలుస్తుందో అదే ప్రధాన నేత్రం. కుడిచేతివాటం, కుడికన్ను అయితే చిక్కులేదు. కుడిచేతివాటం ఉండి ఎడమకన్ను ప్రధానమైతే ఏ చేత్తో కాల్చాలో, గురి చూడని కంటికి అడ్డు ఎలా పెట్టుకోవాలో కోచ్‌తో తేల్చుకున్నాకే డబ్బు తీయండి. గ్రిప్ కుడిచేతికి వేరు, ఎడమచేతికి వేరు. ఈ నిర్ణయం తరువాత మారితే గ్రిప్ మొత్తం కొత్తది కొనాల్సి వస్తుంది.

గ్రిప్: ఇక్కడ తొందరపడకండి

పోటీ పిస్టళ్ల గ్రిప్పులు చెక్కతో చేసి, అరచేతి ఒంపులకు తగ్గట్టు మలిచి ఉంటాయి. చిన్న, మధ్యస్థ, పెద్ద అని సైజులు ఉంటాయి. అడుగున పైకీ కిందికీ జరిపే పామ్ షెల్ఫ్ ఒకటి ఉంటుంది, అరచేతి కింది అంచు దాని మీద ఆనుతుంది. కొత్తగా వచ్చినవారు చేసే పొరపాటు ఏమిటంటే, చేతికి హాయిగా ఉంది కదా అని ఒక సైజు పెద్దది తీసుకోవడం. వదులుగా ఉన్న చెప్పు మొదటి రోజు హాయిగానే ఉంటుంది. మైలు దూరం నడిచాక పాదం అందులో జారుతుంది. గ్రిప్ కూడా అంతే. సరైన గ్రిప్ మొదట్లో కాస్త బిగుతుగా అనిపిస్తుంది, అయితే ఎక్కడా నొప్పి పుట్టించదు.

పరీక్షించే పద్ధతి ఇది. పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోండి. ఎడమచేత్తో బ్యారెల్ పట్టుకుని, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న ఒంపులోకి గ్రిప్ వెనుక భాగాన్ని పైదాకా తోయండి. తరువాత మధ్యవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు వరుసగా చుట్టండి. పామ్ షెల్ఫ్‌ను అరచేతి అంచు తగిలేదాకా పైకి జరిపి బిగించండి. దానిని మరీ పైకి నొక్కేస్తే పిస్టల్ ముక్కు పైకి లేవడం, మధ్యవేలు మొద్దుబారడం రెండూ జరుగుతాయి. ఇప్పుడు సురక్షితమైన దిశలో నిలబడి కళ్లు మూసుకోండి. చేయి మామూలుగా ఎత్తి, మూడు క్షణాలు ఆగి, కళ్లు తెరవండి. ముందు సైట్ వెనుక సైట్ గాడి మధ్యలో, రెండింటి పై అంచులూ ఒకే గీత మీద కనిపించాలి. ముందు సైట్ ప్రతిసారీ ఎడమకే పోతుంటే గ్రిప్ అరచేతిలో ఒకవైపు మందంగా ఉందని అర్థం. ప్రతిసారీ కిందికే వాలుతుంటే గ్రిప్ వంపు మీ మణికట్టు కోణానికి సరిపోలేదని అర్థం. ఒక్కసారి చూసి తీర్పు చెప్పవద్దు. పదిసార్లు ఎత్తండి, చేయి విదిలించి మళ్లీ పది. తప్పు ఎప్పుడూ ఒకే వైపు వస్తుంటే అది గ్రిప్‌ది, తలా ఒక వైపు వస్తుంటే అది మీ సాధనది.

చిన్న తేడాలను చెక్కపని చేసి సరిచేయవచ్చు. ఎక్కువగా ఉన్నచోట గరుకు కాగితంతో రుద్దుతారు, తక్కువగా ఉన్నచోట చెక్క లప్పం పూస్తారు. చేతికి సుద్ద పొడి రాసుకుని గ్రిప్ పట్టుకుని వదిలితే ఎక్కడెక్కడ తగులుతోందో మరకలే చెబుతాయి. తగలని పెద్ద ఖాళీ అరచేతి మధ్యలో ఉంటే దిగులు లేదు. మధ్యవేలి కింద, చిటికెనవేలి పక్కన ఖాళీ ఉంటే మాత్రం సరిచేయాలి. నాకు తెలిసిన ఒక కుర్రవాడు ఉత్సాహంలో ఒకే సాయంత్రం గ్రిప్‌ను సగం అరగదీసి, మర్నాడు లప్పం పూస్తూ కూర్చున్నాడు. రుద్దిన చెక్క తిరిగి రాదు కాబట్టి ఒక రోజుకు కాగితం నాలుగుసార్లు ఆడితే చాలు, ఆ వారమంతా కాల్చి చూసి మళ్లీ ముట్టుకోండి. చేసే మార్పులకు కూడా హద్దుంది: గ్రిప్ మణికట్టును పట్టి ఉంచేలా ఉండకూడదు, పామ్ షెల్ఫ్ గ్రిప్‌తో చేసే కోణం 90 డిగ్రీలకు తగ్గకూడదు.

చిన్న చేతులున్న పిల్లలకు పెద్దల పిస్టల్ కొని "ఎదిగాక సరిపోతుంది" అనే తల్లిదండ్రులు ఉన్నారు. స్కూలు యూనిఫాం విషయంలో ఆ లెక్క చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. చాలా కంపెనీలు పొట్టి బ్యారెల్‌తో తక్కువ బరువున్న నమూనాలు కూడా చేస్తాయి. వాటితో మొదలుపెట్టి, పిల్లలు ఎదిగాక మార్చడమే మేలు.

ట్రిగ్గర్

నిబంధన 500 గ్రాములంటుంది కాబట్టి అందరూ దానికి దగ్గరగా పెట్టుకుంటారు. తనిఖీలో బ్యారెల్‌ను నిలువుగా పైకెత్తి పట్టి, ట్రిగ్గర్ మధ్యలో తూకపు బరువును తగిలించి, బల్ల మీద నుంచి లేపుతారు. ట్రిగ్గర్ జారకుండా ఆ బరువు గాలిలోకి లేస్తే నెగ్గినట్టు. మూడు ప్రయత్నాలు ఇస్తారు. సరిగ్గా 500 దగ్గర పెట్టుకున్నవారు చలికాలం ఉదయం పూట ఇబ్బంది పడటం చూశాను. పది ఇరవై గ్రాములు ఎక్కువగా ఉంచుకుంటే నిద్ర పడుతుంది, స్కోరుకు నష్టమేమీ లేదు.

కొనేటప్పుడు మీరు చూడవలసింది బరువు కన్నా ఆ బరువు ఎలా తెగుతుందన్నది, అంటే ట్రిగ్గర్ ఎలా వదిలి షాట్ వెళుతుందన్నది. పోటీ ట్రిగ్గర్‌లో రెండు దశలుంటాయి. మొదటి దశలో వేలు తేలికగా వెనక్కి వచ్చి ఒక గోడను తాకినట్టు ఆగుతుంది. ఆ గోడ దగ్గర మరికొంత ఒత్తిడి పెంచితే షాట్ వెళ్లిపోతుంది. ఆ గోడ స్పష్టంగా తెలియాలి, దాని తరువాత ఈడ్పు ఉండకూడదు. చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద పడి, వేలు గ్రిప్‌కు పక్కన తగలకుండా సూటిగా వెనక్కి రావాలి. ట్రిగ్గర్‌ను ముందుకూ వెనక్కీ జరుపుకునే వీలుంటుంది కాబట్టి అది ఎంత దూరం జరుగుతుందో అడిగి చూడండి. వేళ్లు పొట్టిగా ఉన్నవారికి అర సెంటీమీటరు తేడా కూడా కీలకం.

మెకానికల్ ట్రిగ్గరా, ఎలక్ట్రానిక్ ట్రిగ్గరా అన్న చర్చ రేంజ్ క్యాంటీన్‌లో ఎప్పటికీ తెమలదు. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ప్రతిసారీ ఒకేలా తెగుతుంది. దానికి బ్యాటరీ కావాలి, పాడైతే ఇంట్లో బాగుచేసుకోలేం. స్విట్జర్లాండ్‌కు చెందిన మొరీనీ సీఎం162ఈఐ ఎలక్ట్రానిక్ రకంలో అందరికీ తెలిసిన పిస్టల్. ఆస్ట్రియాకు చెందిన స్టెయర్ ఎల్‌పీ10 మెకానికల్ రకంలో చాలా ఏళ్లుగా నిలిచిన పిస్టల్. జర్మనీ నుంచి వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, ఇటలీ నుంచి పార్దినీ పిస్టళ్లు కూడా మన రేంజ్‌లలో కనిపిస్తాయి. నా మొగ్గు మెకానికల్ వైపు. మెకానిక్‌లు దగ్గరలో లేని ఊళ్లో ఉండేవారికి నేను అదే చెబుతాను. హైదరాబాద్ వంటి నగరంలో ఉంటూ, అదే రకం వాడే కోచ్ దొరికినవారు మాత్రం ఎలక్ట్రానిక్‌కు నిస్సంకోచంగా వెళ్లవచ్చు.

ఏ రకమైనా డ్రై ఫైరింగ్ వీలు ఉండి తీరాలి. అంటే గాలీ పెల్లెట్టూ లేకుండా ట్రిగ్గర్ మాత్రం నిజమైన షాట్‌లాగే తెగాలి. షూటర్‌కు సగం సాధన ఇంట్లో, తెల్లగోడ ఎదుట, దీనితోనే సాగుతుంది.

బరువు, సైట్లు

పోటీ పిస్టళ్లు చాలావరకు కిలోకు అటూ ఇటూగా ఉంటాయి. బరువు ఎంతన్నదాని కన్నా అది ఎక్కడ ఉందన్నది ముఖ్యం. ముందుభాగం బరువైతే చేయి నిలకడగా ఉంటుంది, భుజం త్వరగా అలసిపోతుంది. చాలా పిస్టళ్లకు బ్యారెల్ కింద చిన్న బరువులు తగిలించుకునే ఏర్పాటు ఉంటుంది కాబట్టి తేలికైనది కొని తరువాత పెంచుకోవడం సులువు. బరువైనదాన్ని తగ్గించడం కుదరదు.

సైట్ల విషయంలో వెనుక గాడి వెడల్పు మార్చుకోగలగాలి, ముందు సైట్ వేర్వేరు వెడల్పుల్లో దొరకాలి. చేయి చాచి చూసినప్పుడు ముందు సైట్‌కు రెండు వైపులా తెల్లని సందులు ధారాళంగా కనిపించాలి. కొత్తవారు సందు సన్నగా ఉంటే గురి కచ్చితంగా ఉంటుందనుకుంటారు. నిజానికి సందు సన్నబడితే కన్ను త్వరగా అలసిపోయి, చూపు సైట్ వదిలి లక్ష్యం మీదికి పరుగెడుతుంది. నలభై దాటినవారు కళ్లజోడు పరీక్ష చేయించుకునేటప్పుడు ముందు సైట్ ఎంత దూరంలో ఉంటుందో కొలిచి డాక్టరుకు చెప్పాలి.

గాలి, సిలిండర్, పాత పిస్టల్

ఇప్పటి పోటీ పిస్టళ్లు బ్యారెల్ కింద ఉన్న చిన్న సిలిండర్‌లోని సంపీడిత గాలితో పనిచేస్తాయి. దానిని సాధారణంగా 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) వరకు నింపుతారు. లోపల ఉన్న రెగ్యులేటర్ ప్రతి షాట్‌కూ ఒకే ఒత్తిడి అందిస్తుంది. ఒకసారి నింపితే ఒక పోటీకి సరిపడా షాట్లు వచ్చి ఇంకా మిగులుతాయి. పొడి గాలి మాత్రమే నింపాలి. ఆక్సిజన్ ఎన్నడూ నింపకూడదు. లోపల ఉన్న నూనెతో కలిస్తే పేలుతుంది. నింపే సౌకర్యం మీ రేంజ్‌లో ఉందో లేదో కొనకముందే కనుక్కోండి. చేతి పంపుతో కూడా నింపవచ్చు గాని, తేమ పోయే ఫిల్టర్ లేనిది కొనకండి.

సిలిండర్ మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది. కంపెనీలు సాధారణంగా పదేళ్ల గడువు పెడతాయి, గడువులో ఉన్నదే వాడే బాధ్యత షూటర్‌దే. నేను కొన్న మొదటి పిస్టల్ పాతది. అమ్మినాయన దానిని తుడిచి, నూనె రాసి, పెళ్లికొడుకులా ముస్తాబు చేసి ఇచ్చాడు. నేను గ్రిప్ చూశాను, ట్రిగ్గర్ చూశాను, సిలిండర్‌ను తిప్పి చూడలేదు. రెండు నెలల తరువాత ఒక పోటీలో తనిఖీ బల్ల దగ్గర ఒక పెద్దాయన దానిని మెల్లగా తిప్పి, ఆ సన్నని అక్షరాల మీద వేలు పెట్టి నా వైపు చూశారు. గడువు ముగిసి ఏడాది దాటింది. ఎవరో అరువిచ్చిన సిలిండర్‌తో ఆ రోజు కాల్చాను, కొత్త సిలిండర్‌కు పిస్టల్‌లో ఆదా చేసుకున్న డబ్బులో చాలా భాగం పోయింది.

కాబట్టి పాతది కొనేవారు మొట్టమొదట సిలిండర్ తేదీ చదవాలి. ఆ తరువాత సిలిండర్ నింపి, మీటర్ అంకె రాసుకుని, ఒక రాత్రి అలాగే ఉంచి మర్నాడు చూడాలి. అంకె దిగితే ఎక్కడో గాలిని ఆపే సీలు పోయింది. గ్రిప్‌ను ముందటి యజమాని తన చేతికి చెక్కుకుని ఉంటే కొత్త గ్రిప్ ఖర్చును ధరలో తగ్గించి అడగాలి. కొత్త పోటీ పిస్టల్ ధర లక్ష రూపాయలు దాటుతుంది కనుక మంచి పాత పిస్టల్ కొనడంలో తప్పేమీ లేదు. తెలిసిన కోచ్‌ను పక్కన పెట్టుకుని కొనండి.

కొత్తదైనా, పాతదైనా విడిభాగాలు, మరమ్మతు దొరికే చోటు అడిగి తెలుసుకోండి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ అర్హత పోటీ మధ్యలో ఉండగా పిస్టల్ మొరాయించింది. దానిని సరిచేయించుకుని తిరిగి వచ్చేసరికి విలువైన నిమిషాలు కరిగిపోయి, ఫైనల్ ఆమెకు కొద్దిలో చేజారింది. అదే అంశంలో ఆమె 2024లో పారిస్‌లో కాంస్యం గెలిచారు. అంతటివారి పక్కన మెకానిక్‌లు ఉంటారు. మన పక్కన ఎవరుంటారో మనమే చూసుకోవాలి. సీళ్లు, ఒక అదనపు సిలిండర్, ఎలక్ట్రానిక్ రకమైతే కొత్త బ్యాటరీ, సరిపడే మరచీలలు సంచిలో ఉండాలి.

పెల్లెట్లు

ముఖం చదునుగా ఉన్న మ్యాచ్ పెల్లెట్లే వాడాలి. అవి కాగితం మీద గుండ్రని, శుభ్రమైన రంధ్రం చేస్తాయి. పిస్టల్ కోసం చేసినవి సుమారు అర గ్రాము బరువుంటాయి, తల కొలత 4.49, 4.50 మిల్లీమీటర్లు అన్నట్టు సూక్ష్మమైన తేడాలతో దొరుకుతాయి. వీలుంటే పిస్టల్‌ను బిగించి మూడు నాలుగు రకాలతో పదేసి షాట్లు కాల్చి, ఏది గుంపుగా పడుతుందో చూడండి. మొదటి ఏడాది దీనికోసం ఎక్కువ తలబద్దలు కొట్టుకోనక్కరలేదు. మీ చేయి రెండు సెంటీమీటర్లు ఊగుతున్నప్పుడు పెల్లెట్‌లోని నూరోవంతు మిల్లీమీటరు ఎవరికి కనిపిస్తుంది?

కాగితాలు, తరువాతి మెట్టు

మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల క్యాలిబర్ దాటని, 20 జూళ్ల శక్తి మించని ఎయిర్ ఆయుధాలకు లైసెన్సు అవసరం లేదు. పోటీ ఎయిర్ పిస్టల్ శక్తి ఆ హద్దులో సగం కూడా ఉండదు. అయినా గుర్తింపు పత్రం ఇచ్చి, బిల్లు తీసుకుని, ఆ బిల్లు నకలును పిస్టల్ పెట్టెలోనే ఉంచండి. రైల్లోనో విమానంలోనో వెళ్లేటప్పుడు అడిగేవారుంటారు. విమానంలో పిస్టల్ చేతి సంచిలో వెళ్లదు, సిలిండర్ ఖాళీ చేయాలి, టికెట్ కొనేటప్పుడే విమానసంస్థను అడిగి ఉంచుకోవాలి. రేంజ్‌లో పిస్టల్ ఖాళీగా ఉందని చూపేందుకు బ్యారెల్‌లో పెట్టే రంగు సేఫ్టీ ఫ్లాగ్ తప్పనిసరి, అదీ కొనుక్కోండి.

కొన్నాళ్లకు 25 మీటర్ల పిస్టల్ మీద మనసు పోవచ్చు. అది .22 తూటాల పిస్టల్. దాని ట్రిగ్గర్ కనీసం 1,000 గ్రాములు, బరువు గరిష్ఠంగా 1,400 గ్రాములు, దానికి ఆయుధ లైసెన్సు కావాలి, జాతీయ రైఫిల్ సంఘం ద్వారా షూటర్‌గా గుర్తింపు పొందే దారిలో వెళ్లాలి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో పది మీటర్లలోనూ, 25 మీటర్లలోనూ వ్యక్తిగత రజతాలు గెలిచారు. రెండు అంశాలూ ఆడాలనుకునేవారు ఎయిర్ పిస్టల్ కొనేటప్పుడే, రేపు కొనబోయే .22 పిస్టల్ గ్రిప్ వంపు దీనికి దగ్గరగా ఉంటుందా అని ఆలోచించాలి. ఉదయం ఒక కోణానికీ, సాయంత్రం ఇంకో కోణానికీ మణికట్టును ఒప్పించడం కష్టం.

పిస్టల్ ఇంటికి వచ్చిన మొదటి రోజే ఒక నోటుపుస్తకం తీయండి. పామ్ షెల్ఫ్ ఎత్తు, ట్రిగ్గర్ నిలిపిన చోటు, వెనుక సైట్ గాడి వెడల్పు, ముందు సైట్ కొలత, సైట్ మర ఎన్ని క్లిక్కుల దగ్గరుందో అన్నీ రాసి, గ్రిప్ మీద పామ్ షెల్ఫ్ నిలిచిన చోట సన్నటి పెన్సిల్ గీత గీయండి. తరువాత ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చండి, తేదీతో రాయండి, కనీసం 200 షాట్లు కాల్చకుండా రెండో దానిని ముట్టుకోకండి.